ఒడ్డు చేరని బాతమ్మగారు

పెరట్లో బాతుల గూడు తలుపు తీస్తూనే మాణిక్యం ఇంట్లో ముగ్గురికీ పనులు పురమాయిస్తోంది.

"గౌతమీ, రిబ్బను గట్టిగా ముడెయ్యి, గేటు దాటకుండానే ఊడిపోద్ది. సతీషూ, బండిలో పెట్రోలు చూసుకున్నావా? అమ్మాయ్ దుర్గా, పప్పు అడుగంటుతున్న వాసనొస్తోంది."

పప్పు నిజంగానే అడుగంటింది. సతీష్ ఎంతసేపు కిక్కు కొట్టినా బండి స్టార్టు కాలేదు. గౌతమి రిబ్బను మెట్లు దిగుతుండగానే జారి భుజం మీద పడింది.

"ముందే చెప్పేనా, లేదా?" అంది మాణిక్యం, ఎవరికేసీ చూడకుండా, బాతులకి తవుడు కలుపుతూ.

కొత్తపేట దగ్గర ఏటిగట్టుని ఆనుకున్న ఊళ్ళో వాళ్ళ ఇల్లు. మాణిక్యం భర్త వెంకటకృష్ణ పోయి కొన్నేళ్ళయింది. కొడుకు నాగసతీష్ కొబ్బరితోట, వరిచేలు చూసుకుంటాడు. కోడలు దుర్గాశ్రీ కొత్తపేటలో ఒక బడిలో తెలుగు టీచరు. మనవరాలు గౌతమి అదే బడిలో ఆరో తరగతి. అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పరుగులు పెడుతుంటే, ఆ పరుగులకి అడ్డం పడకుండా ఇల్లు నడిపేది మాణిక్యమే.

ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. లోపల కిక్కిరిసిన పిల్లలు మాణిక్యాన్ని, ఆమె కాళ్ళ చుట్టూ తిరుగుతున్న బాతుల్ని చూసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. ఆటో కదులుతుండగా అందరూ ఒక్క గొంతుతో, "ముందే చెప్పేనా, లేదా?" అని అరిచి పగలబడి నవ్వారు. గౌతమి సిగ్గుతో తలొంచుకుంది. మాణిక్యానికేమీ అర్థం కాలేదు. అయినా పిల్లలు కదా అని చెయ్యి ఊపింది.

పక్కింటి గోడ మీంచి లక్ష్మీకాంతం టీచరుగారు ఇదంతా చూస్తున్నారు. రిటైరయి చాలాకాలమైనా ఊళ్ళో అందరికీ ఆవిడ ఇంకా టీచరుగారే.

"మీ కోడలి పుస్తకం చదవలేదాండీ మాణిక్యంగారూ?" అన్నారావిడ.

"లేదండి. అట్ట చూసేను. బావుంది, తువ్వాయి బొమ్మ."

"లోపల చూడండి. మిమ్మల్ని బాతుని చేసింది."

మాణిక్యం ఒక్క క్షణం చేతిలో తవుడు గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నవ్వింది. "చేస్తే చేసిందిలెండి. బాతులంటే నాకిష్టవేగా."

దుర్గాశ్రీ రాసిన ఆ పుస్తకం పేరు 'వరదలో తువ్వాయి'. బడిలో ఆఖరి పీరియడు పిల్లలు కుదురుగా కూర్చోరని, మొదట్లో నోటికొచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టిన కథ అది. పది పన్నెండేళ్ళ పిల్లలకి నీతి చెప్పబోతే ఆవలిస్తారనీ, వాళ్ళకి ప్రమాదం కావాలనీ, జంతువులు కావాలనీ, తర్వాతేం జరుగుతుందోనని గుండె కొట్టుకోవాలనీ ఆమెకి అక్కడే తెలిసింది. గోదారి నడుమ లంకలో వరదొస్తుంది. మనుషులు హడావుడిగా పడవలెక్కి వెళ్ళిపోతారు. గోరింట అనే తువ్వాయి, బొట్టు అనే కుక్క, మీగడ అనే పిల్లి, బాతమ్మగారనే ముసలి బాతు మిగిలిపోతాయి. అరటి బోదెల తెప్ప మీద నాలుగూ కలిసి గట్టుకి బయల్దేరతాయి. రాత్రుళ్ళు కూర్చుని దుర్గాశ్రీ కాగితం మీద పెట్టింది. హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు అచ్చు వేశారు. ఇప్పుడు చుట్టుపక్కల బళ్ళలో పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చదువుతున్నారు.

ఆ మధ్యాహ్నం పనయ్యాక మాణిక్యం అలమరలోంచి పుస్తకం తీసింది. కళ్ళజోడు పెట్టుకుని, వేలితో అక్షరాల వెంట నడుస్తూ చదవడం మొదలుపెట్టింది. ఆవిడ చదువు ఐదో తరగతి. విష్ణుసహస్రం తప్ప వేరే పుస్తకం పట్టుకుని ఎన్నాళ్ళయిందో. మొదటి పేజీలోనే బాతమ్మగారు వచ్చింది. నీళ్ళ రంగు మారిందని, చీమలు గుడ్లు మోసుకుని మెరక్కి పోతున్నాయని, వరదొస్తుందని చెప్పింది. ఎవరూ వినలేదు. నీళ్ళు వాకిట్లోకి రాగానే, "ముందే చెప్పేనా, లేదా?" అంది. మాణిక్యం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే పకపకా నవ్వుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆదివారం విజయవాడ ప్రయాణం మాటొచ్చింది. అక్కడ పిల్లల పుస్తకాల పండగలో దుర్గాశ్రీ పుస్తకం గురించి మాట్లాడాలి, ఒక అధ్యాయం చదివి వినిపించాలి.

"కార్లో సరిపోతాం. మనం ముగ్గురం, మీ హెచ్చెమ్ గారు," అన్నాడు సతీష్.

"అత్తయ్యగారో?" అంది దుర్గాశ్రీ కూర వడ్డిస్తూ.

"అమ్మకేం? ఎండలో అంతదూరం ఎందుకు తిప్పడం? పైగా గేదె ఇవాళో రేపో ఈనేలా ఉంది. అమ్మ ఉంటే మనకి బెంగుండదు."

"ఆయ్, నేనెందుకు నాన్నా? మీరెళ్ళి రండి," అంది మాణిక్యం.

దుర్గాశ్రీ ఇంకోసారి అడగలేదు. ఏ చీర కట్టుకోవాలా, ఏ అధ్యాయం చదవాలా అన్న ఆలోచనలో పడింది.

మాణిక్యం రోజూ మధ్యాహ్నం కొంచెం కొంచెం చదివింది. తెప్ప సుడిలో చిక్కుకున్నప్పుడు ఆవిడ అరిచేతులు చెమర్చాయి. పిల్లి నీళ్ళలో పడబోతే "అయ్యో" అని పైకే అనేసింది. గురువారం పుస్తకం పూర్తయింది. ఆఖరి పేజీ చదివి, వెనక్కి తిరగేసి, మళ్ళీ చదివింది. ఇంకా ఏమైనా ఉందేమోనని అట్ట లోపలివైపు కూడా చూసింది. అక్కడ దుర్గాశ్రీ ఫొటో, నాలుగు మాటలు ఉన్నాయి. అంతే.

శుక్రవారం ఉదయం పెరట్లోంచి గొంతు వినిపించలేదు. గౌతమి రిబ్బను లేకుండానే ఆటో ఎక్కేసింది. సతీష్ సెల్లు చార్జింగులోనే మర్చిపోయి తోటకి వెళ్ళిపోయాడు. టిఫిను డబ్బాలు సర్దుతూ దుర్గాశ్రీ రెండుసార్లు పెరటి గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూసింది. మాణిక్యం గేదె పక్కన కూర్చుని దాని డొక్క నిమురుతోంది.

"ఒంట్లో బాగాలేదాండీ అత్తయ్యగారూ?"

"బానే ఉందమ్మా. నీకు టైమైపోతోంది, వెళ్ళు."

ఆ రోజంతా బడిలో ఆ ముఖమే గుర్తొచ్చింది దుర్గాశ్రీకి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సతీష్ వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చేతిలో పుస్తకం ఉంది.

"కొబ్బరికాయల బేరానికి పోలిరాజు వచ్చేడు," అన్నాడు ఆమె చెప్పులు విప్పకుండానే. "వాడి పిల్లలు చదివేరంట. 'ఏవండీ, మీ అమ్మగారు బాతంట కదా' అని నవ్వుతున్నాడు నా మొహం మీదే. ఏంటి దుర్గా ఇది?"

"పిల్లల కథండీ. బాతమ్మగారంటే పిల్లలందరికీ ప్రాణం. ఆ పాత్రే ఎక్కువ నచ్చిందని చెప్తున్నారు."

"మా అమ్మ మాట, మా అమ్మ నడక, మా అమ్మ గోల, అన్నీ దించేసేవు. నువ్వు రాసుకున్నావు, పేరు తెచ్చుకున్నావు. ఊరందరికీ మా అమ్మ నవ్వులాటయింది. నిన్నట్నుంచీ ఆవిడ నోరు మెదపట్లేదు, గమనించేవా అసలు?"

"గమనించేనండి." దుర్గాశ్రీ చేతిసంచీ కింద పెట్టింది. "పొద్దున్నే గమనించేను. మీరు గమనించేరా మరి? పోలిరాజు చెప్పేదాకా మీకూ తెలీదుగా."

గౌతమి పుస్తకాల సంచీతో గుమ్మంలోనే ఆగిపోయింది. గొంతులు పెద్దవయ్యేసరికి మాణిక్యం పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

దుర్గాశ్రీ ఆవిడ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "తప్పైపోయిందండీ అత్తయ్యగారూ. మిమ్మల్ని నవ్వులపాలు చెయ్యాలని కాదు. పిల్లలకి కథ చెప్తుంటే మీ మాటలే నోటికొచ్చేవి. రెండో ముద్రణకి ఇచ్చేటప్పుడు ఆ మాట తీయించేస్తాను."

"ఏ మాట?"

"ముందే చెప్పేనా లేదా అనే మాటండి."

"అదెందుకు తియ్యడం?" మాణిక్యం ఆశ్చర్యంగా చూసింది. "నేనలాగే అంటాను కదా. నాకే నవ్వొచ్చింది చదూతుంటే."

"మీరు చదివేరా?"

"ఆయ్. మొత్తం చదివేను. చక్కగా రాసేవు. ఆ సుడిలో తెప్ప తిరుగుతున్నప్పుడు నాకు కాళ్ళు చల్లబడిపోయేయి." చెప్పాలా వద్దా అని తనలో తనే తేల్చుకుంటున్నట్టు కొంగు చివర వేలికి చుట్టుకుంది. "దారి చూసొస్తానని బాతు తెప్ప దిగి నీళ్ళలోకి వెళ్తుంది కదా. తర్వాత తువ్వాయి ధైర్యం చేసి తెప్పని ఒడ్డుకి చేరుస్తుంది. కుక్కని పిల్లలు ఎత్తుకుంటారు. పిల్లి పొయ్యి దగ్గర పడుకుంటుంది. తువ్వాయి తల్లి దగ్గర పాలు తాగుతుంది. మరి బాతు ఏమైపోయింది?"

దుర్గాశ్రీ సతీష్ చేతిలోని పుస్తకం కేసి చూసింది.

"నేను రెండుసార్లు చూసేను. ఎక్కడా లేదు. చచ్చిపోయిందని కూడా రాయలేదు."

"అయ్యో, చచ్చిపోలేదండి. అది బాతు కదా అత్తయ్యగారూ, ఈదుకుంటూ వచ్చేస్తుందిలే అని..."

"ఈదుతుంది," అంది మాణిక్యం. "ఎంతసేపని ఈదుతుంది దుర్గా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బావుండేదనిపించింది దుర్గాశ్రీకి. మాణిక్యం ఆమె చేతులు నెమ్మదిగా విడిపించుకుని, గేదెకి కుడితి పెట్టాలంటూ వెళ్ళిపోయింది.

సతీష్ చేతిలో పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. 'అమ్మకేం' అన్న తన మాటే అతనికి చెవుల్లో వినబడుతున్నట్టుంది. తండ్రి మొహం కేసీ తల్లి మొహం కేసీ మార్చి మార్చి చూసి గౌతమి మెల్లిగా అంది: "మా క్లాసులో కూడా అడిగేరమ్మా, బాతమ్మగారు ఏవయ్యిందని. నువ్వు రాయడం మర్చిపోయేవేమో అన్నాను నేను."

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. తెల్లవారుతుండగానే దుర్గాశ్రీ లేచి తన పుస్తకాన్ని తనే పరాయిదానిలా చదువుకుంది. ఎందుకలా జరిగిందో ఆమెకి తెలుసు. సాహస కథలో పెద్దవాళ్ళని ఎక్కడో ఒకచోట పక్కకి తప్పించాలి. వాళ్ళుంటే పిల్లలకి ధైర్యం చేసే పని ఉండదు. అందుకే సరిగ్గా ప్రమాదం ముంచుకొచ్చేవేళకి బాతమ్మగారిని తెప్ప దింపేసింది. అంతవరకూ తప్పు లేదు. కానీ తువ్వాయి ఒడ్డు చేరిన సంతోషంలో ఆమె మళ్ళీ నీళ్ళకేసి చూడలేదు. అచ్చు దిద్దినవాళ్ళూ చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఆమెని కుదిపేసింది. నీళ్ళ రంగు మారడం, చీమలు మెరక్కి పోవడం, అరటి బోదెలకి వెదురు బద్దలు గుచ్చి తెప్ప కట్టడం, ఇవేవీ తనకి తెలిసినవి కావు. అమలాపురంలో అద్దె ఇళ్ళలో పెరిగిన పిల్ల తను. అన్నీ అత్తగారు కూరగాయలు తరుగుతూ, గౌతమికి జడలేస్తూ చెప్పినవే.

మాణిక్యం బాతుల్ని పంటకాలవకి తోలుకెళ్ళిందని తెలిసి దుర్గాశ్రీ అక్కడికి వెళ్ళింది. కాలవ రేవు మెట్టు మీద అత్తగారి పక్కన కూర్చుంది.

"మర్చిపోయేనండి అత్తయ్యగారూ," అంది దుర్గాశ్రీ. "ఏదేదో సమాధానం చెప్దామనుకున్నాను. కానీ నిజం అదే. కావాలని కాదు, మర్చిపోయేను."

"తెలుసమ్మా. నువ్వు కావాలని చేసే పిల్లవి కాదు." మాణిక్యం నీళ్ళకేసే చూస్తూ అంది. "ఎనభయ్యారు వరద సంగతి నీకు చెప్పేను కదా."

"ఆయ్, చెప్పేరండి. అదే కదండీ రాసేను."

"అంతా చెప్పలేదు. పడవ వచ్చింది, వెళ్ళిపోయేం అన్నాను. అప్పటికి నా పెళ్ళై ఏడాది. లంకలో ఉండేవాళ్ళం. నీళ్ళు వాకిట్లోకి వచ్చేసేయి. సింహాద్రి అని పడవాయన నాటుపడవ తెచ్చేడు. పిల్లలూ, ముసలాళ్ళూ, ఓ బాలింతరాలూ ఎక్కేసరికి పడవ అంచు నీళ్ళకి తగులుతోంది. నేను పశువుల పలుపులు విప్పుతున్నాను, అవి ఈదుకుని పోతాయని. మా అత్తగారు పడవలోంచే అన్నారు, 'మాణిక్యానికేం, ఈతొచ్చిన పిల్ల, రెండో విడతలో వస్తుందిలే' అని. తప్పుగా అనలేదు పాపం. నేనూ ఆయ్ అన్నాను. అనక ఏంచేస్తాను?"

ఒక బాతు ముక్కుతో బురద కెలుకుతూ గట్టెక్కబోయింది. మాణిక్యం దాన్ని చేత్తో నీళ్ళలోకి తోసింది.

"పడవ వెళ్ళిపోయేక ఇంటి కప్పెక్కి కూర్చున్నాను. చుట్టూ ఎర్రనీళ్ళు. కోడి లేదు, కుక్క లేదు, మనిషి గొంతు లేదు. ఈతొచ్చు నాకు. కానీ ఆ నీళ్ళు చూస్తే ఈత గుర్తు రాలేదు దుర్గా. వస్తారా, రారా అన్న బెంగ ఒక్కటే. గట్టుకేసి చూసి చూసి కళ్ళు మండిపోయేయి."

"ఎవరొచ్చేరండి?"

"మీ మావయ్యగారు. సింహాద్రితో పాటు పడవ తోసే గెడ పట్టుకుని వెళ్ళేరు, అందర్నీ దింపేరు గానీ ఆయన దిగలేదంట. పొద్దుగూకుతోంది, వరద ఇంకా పెరుగుతోంది, రేపు చూద్దాం అన్నారంట అందరూ. సింహాద్రి కూడా భయపడ్డాడంట. ఈయన గెడ వదల్లేదంట. నీకో సంగతి తెలుసా? మీ మావయ్యగారికి ఈత రాదు. లంకలో పుట్టి ఈత రాని మనిషి ఆయనొక్కడే. ఆ మనిషి వచ్చేడు నాకోసం." మాణిక్యం నవ్వబోయి, చేత్తో మొహం తుడుచుకుంది. "పడవెక్కేక ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తుకోలేదు. కానీ బతికినన్నాళ్ళూ నాకదే ధైర్యం. నేనెక్కడున్నా వెనక్కొచ్చి చూసే మనిషి ఒకరున్నారని."

దుర్గాశ్రీ అత్తగారికి దగ్గరగా జరిగింది.

"ఇప్పుడు నాకన్నీ వచ్చని మీ అందరికీ తెలుసు. గేదె పని వచ్చు, ఇల్లు చూసుకోవడం వచ్చు, ఒక్కదాన్నే ఉండడం వచ్చు. మీరేం నన్ను తక్కువ చూడట్లేదమ్మా, ఆ మాటంటే నా కళ్ళు పోతాయి. కానీ ఆ ఆఖరి పేజీ చదివేసరికి కప్పు మీద కూర్చున్నట్టే అయిపోయింది. అంతే."

దుర్గాశ్రీ అత్తగారి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అలా ఎప్పుడూ చెయ్యలేదు. మాణిక్యం ఏం చెయ్యాలో తోచక తడిచేత్తోనే ఆమె తల నిమిరింది.

"ఊరుకో. ఏడిస్తే ఏవొస్తుంది? బాతుని ఒడ్డుకి తీసుకురా, చాలు."

ఆ మధ్యాహ్నం దుర్గాశ్రీ కాగితాలు తీసుకుని పడకగదిలో కూర్చుంది. మొదట బాతు తనంతట తనే ఈదుకుంటూ వచ్చేసినట్టు రాసింది. చదువుకుని, చింపేసింది. పడవవాడు చూసి తెచ్చినట్టు రాసింది. అదీ చింపేసింది. మంచం మీద బోర్లా పడుకుని చూస్తున్న గౌతమి అంది: "తువ్వాయి పాలు తాగకూడదమ్మా. బాతమ్మగారు రాకుండా దానికి పాలెలా దిగుతాయి?"

దుర్గాశ్రీ కూతురి కేసి చాలాసేపు చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి సాయంత్రం దాకా తలెత్తలేదు.

దీపాలు పెట్టే వేళకి నలుగురూ వసారాలో చేరారు. సతీష్ పొద్దుటినుంచీ తల్లి వెనకే తిరుగుతున్నాడు. గడ్డి తనే కోసుకొచ్చాడు, కుడితి తనే మోశాడు. తల్లి వద్దంటే, "ఉండమ్మా" అని తప్ప ఏమీ అనలేదు. ఇప్పుడు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. మాణిక్యం కుర్చీలో కూర్చుంది. దుర్గాశ్రీ చదవడం మొదలుపెట్టింది.

"గోరింట తల్లి పొదుగు దగ్గరికి వెళ్ళింది. కానీ మూతి పెట్టలేదు. వెనక్కి తిరిగి నీళ్ళకేసి చూసింది. 'బాతమ్మగారేరీ?' అంది. 'బాతు కదా, ఈదుకుంటూ వచ్చేస్తుందిలే' అంది మీగడ, పొయ్యి దగ్గర ఒళ్ళు విరుచుకుంటూ. 'ఎంతసేపని ఈదుతుంది?' అంది గోరింట. మీగడ ఒళ్ళు విరుచుకోవడం ఆపేసింది. బొట్టు చెవులు నిక్కబొడుచుకుంది. గోరింట గట్టు దిగింది. నీళ్ళు దాని మోకాళ్ళు దాటాయి..."

సతీష్ తల దించుకున్నాడు. దుర్గాశ్రీ చదువుతూనే ఉంది. తువ్వాయి తెప్పని మళ్ళీ నీళ్ళలోకి నెట్టింది. చీకటి పడుతోంది. దూరంగా కొట్టుకుపోతున్న గడ్డివాము మీద, ఒక రెక్క వేలాడేసుకుని, అరిచి అరిచి గొంతు పోయిన బాతమ్మగారు కూర్చుని ఉంది. అందరూ గట్టెక్కి ఉంటారు, తన సంగతి ఎవరికి గుర్తుంటుంది అనుకుంటోంది. అంతలో నీళ్ళ మీద ఏదో కదిలింది.

"ఎవరొచ్చేరు?" అంది మాణిక్యం ఆత్రంగా. వింటున్నది కథన్న సంగతే మర్చిపోయినట్టు.

"గోరింటండి."

"దానికి ఈతొచ్చా?"

"రాదండి అత్తయ్యగారూ. అయినా వచ్చింది."

మాణిక్యం కళ్ళజోడు తీసేసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా ఏడ్చింది. భర్త పోయినప్పుడు వచ్చినవాళ్ళకి కాఫీలు అందుతున్నాయో లేదో చూసుకుంటూ తిరిగిన మనిషి ఆవిడ. కొడుకు ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిగి, మోకాలి మీద చెయ్యి వేశాడు.

"రేపు నువ్వు విజయవాడ వెళ్తున్నావమ్మా," అన్నాడు.

"గేదె ఉందిరా."

"గేదె దగ్గర నేనుంటాను. కారు నడపడానికి డ్రైవరు అయ్యప్పని రమ్మని చెప్పేను. నా బదులు నువ్వు కూర్చో."

"ముందు సీట్లో," అంది గౌతమి. "నేను వెనకాల హెచ్చెమ్ గారి పక్కన కూర్చుంటాను మామ్మా, పర్లేదు."

"ఈ కాగితాలు రేపక్కడ చదువుతానండి," అంది దుర్గాశ్రీ. "పిల్లలు తప్పకుండా అడుగుతారు, బాతు ఏవయ్యిందని. మీరు నా పక్కనే ఉండాలి."

మాణిక్యం కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీదుకుంది. గేదె ఉన్న వైపు చూసింది. అంతే, గొంతు మళ్ళీ గాడిలో పడింది.

"అయితే విను సతీషూ. అది నొప్పులు పడుతున్నప్పుడు దాని మొహం దగ్గర నిలబడకు, బెదిరిపోద్ది. వెనకా నిలబడకు, తంతుంది."

"ఆయ్ అమ్మా."

"దూడ పడగానే ముక్కులో జిగురు తుడిచెయ్యి. కంగారు పడి కాళ్ళు పట్టుకు లాగెయ్యకు. వెంటనే పొదుగు దగ్గర వదిలెయ్యి, ముర్రుపాలు తాగాలి."

"ఆయ్."

"నువ్వు పాలు పితకబోకు, నీకు చేతకాదు. పాలు తీసే సూరయ్యకి కబురు పెట్టు. బాతుల్ని పొద్దుగూకే ముందే గూట్లో తోలు. ఎన్నున్నాయో చూసుకుని మరీ తలుపెయ్యి."

"ఆయ్," అన్నాడు సతీష్. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తల్లి చెప్పే ప్రతి మాటా చివరిదాకా వింటూ.